పేర్లు పడవన్న మాట

కసామా ఊళ్లో ఒక బడిలో పన్నెండో తరగతికి మలామా మేడమ్ లెక్కలు చెప్పేది. క్లాసు నిండా పిల్లలే, బెంచీకి నలుగురైదుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్లు. ఏ ప్రశ్న వేసినా ముందు బెంచీల్లో ఆ నలుగురే చేతులెత్తేవాళ్లు. మిగతావాళ్లు ఆవిడ చూపు తమ మీద పడకుండా తలలు దించుకునేవాళ్లు. తప్పు చెబితే క్లాసంతా గొల్లున నవ్వుతుందని భయం.

వానాకాలం వెళ్లాక ఏదో ప్రాజెక్టు వాళ్లు ఒక పెట్టె నిండా రిమోట్లు తెచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో రిమోట్. గోడ మీద ప్రశ్న పడుతుంది, నాలుగు జవాబులు పడతాయి, ఎవరికి తోచిన బటన్ వాళ్లు నొక్కడమే. ఎందరు ఏది నొక్కారో గోడ మీద రంగురంగుల గీతలై లేస్తుంది.

"మేడమ్, దీంతో మా ఇంట్లో టీవీ కూడా ఆగుతుందా?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఆగితే ముందు నిన్నే ఆపుతాను. కూర్చో!"

అందరూ నవ్వారు. ఆ రోజునుంచి ఆ క్లాసు మారిపోయింది. గీత పైకి లేస్తుంటే మెడలు సాచి చూసేవాళ్లు, పక్కవాడితో వాదులాడేవాళ్లు. గంట కొట్టినా లేచేవాళ్లు కాదు. మాట తడబడుతుందని మూడేళ్లుగా నోరు విప్పని లోంబే అయితే రిమోట్‌ని రెండు చేతులా పట్టుకుని, ప్రశ్న పూర్తిగా పడకముందే ముందుకు వంగేది. ఆ పిల్ల కళ్లలో అంత వెలుగు మలామా అంతకుముందు చూడలేదు.

కానీ గీతలు ఇంకో సంగతి కూడా చెప్పాయి. చాలామందికి పాఠం బొత్తిగా అందడం లేదు. ఎక్కడ తెగిందో తెలుసుకోవాలనుకుంది మలామా. ఒకరోజు తలుపు మూసి అడిగింది.

"ఇవాళ పాఠం వద్దు. నాకు నిజం కావాలి. భిన్నాలు, సమీకరణాలు అసలు మొదటినుంచీ రానివాళ్లు ఎర్ర బటన్ నొక్కండి. సిగ్గుపడకండి. గోడ మీద గీతే పడుతుంది, పేర్లు పడవు."

లోంబే లేచి నిలబడింది. క్లాసంతా తిరిగి చూసింది.

"ఎ... ఎవరికీ తెలీదా మేడమ్?"

"నాకు కూడా తెలీదమ్మా. నా మాట నమ్ము."

ఎర్ర గీత లేచి లేచి గోడ పైఅంచుకు తగిలింది. మలామాకు గుండె బరువెక్కింది, అయినా ఎక్కడో సంతోషం కూడా. ఇన్నాళ్లకు వీళ్లు తనతో నిజం మాట్లాడారు. మర్నాటినుంచి బడి మొదలయ్యేలోపే వచ్చి, చిన్న తరగతుల లెక్కలు మళ్లీ మొదటినుంచి చెప్పసాగింది. రమ్మని ఎవరినీ పేరుపెట్టి పిలవలేదు. అయినా గది నిండేది. చలికి వణుకుతూ, ఉడికించిన చిలగడదుంప జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు.

రెండు వారాలు తిరక్కుండానే హెడ్‌మాస్టర్ సింకాలా పిలిపించాడు. బల్ల మీద కంప్యూటర్‌లోంచి తీసిన కాగితం ఉంది. ఎర్ర బటన్ నొక్కినవాళ్ల పేర్లు వరసగా.

మలామా కాగితం చేతిలోకి తీసుకుంది. "పేర్లెలా వచ్చాయి సార్?"

"రిమోట్లు పంచిన రోజు ఎవరికే నంబరు ఇచ్చామో గుమాస్తా కంప్యూటర్‌లో ఎక్కించాడు కదా!"

"అది దొంగతనం జరక్కుండా అన్నారు!"

"దానికీ పనికొస్తుంది, దీనికీ పనికొచ్చింది. పోయినేడు మన రిజల్ట్ చూసి పైవాళ్లు నన్నెంత కడిగారో మీకు తెలుసు. ఈసారి వీళ్లను పరీక్షకు పంపడం లేదు. వచ్చే ఏడు చూద్దాం."

"వాళ్లిప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు సార్. పొద్దున్నే వస్తున్నారు, కావాలంటే మీరే వచ్చి చూడండి."

"మలామా గారూ, మీరే అడిగారు, వాళ్లే రాదన్నారు. నేను కొత్తగా కనిపెట్టిందేముందమ్మా?"

మిగిలినవాళ్ల పేర్లు మాత్రం ఆ పొద్దున్నే పరీక్షకు పంపేశారట. మలామా జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగింది. అక్కడాయన ఆవలిస్తూ, బడి సంగతి హెడ్‌మాస్టర్ చూసుకుంటాడన్నాడు.

తర్వాత క్లాసులో మిగిలినవాళ్లు, ఏం అడిగినా మొదటి బెంచీవాడు ఏ బటన్ నొక్కుతాడో తొంగి చూసి అదే నొక్కేవాళ్లు. ప్రాజెక్టు వాళ్లు చూడటానికి వచ్చినరోజు ఒకే గీత నిటారుగా లేచింది. వాళ్లు చప్పట్లు కొట్టారు. పిల్లలెంత చురుగ్గా ఉన్నారో అని ఫొటోలు తీసుకున్నారు. మలామా కిటికీవైపు తిరిగి నిలబడింది.

ఆ శనివారం లోంబే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. నాయనమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. టీచరొచ్చిందని కంగారుగా లేచి పీట వేసింది, దోసెడు పల్లీలు చేతిలో పోసింది.

"దీనికి బద్ధకం తల్లీ! పుస్తకం పట్టుకుంటే నిద్ర. అందుకే పరీక్షకు వద్దన్నారట. మీరు మాత్రం ఏం చేస్తారు! వచ్చేవారం దీని మేనత్త దగ్గరికి పంపేస్తున్నా, సరస్సు ఒడ్డున చేపలెండబెట్టే పని."

"బద్ధకం కాదమ్మా, అసలు జరిగిందేమిటంటే..."

లోంబే గబుక్కున అడ్డొచ్చింది. "మే... మేడమ్, కాస్త ఇటు రండి."

పెరట్లోకి తీసుకెళ్లి, తల ఎత్తకుండానే మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"చెప్పకండి మేడమ్. నాకు చదువు రాలేదంటే నన్ను తిట్టి ఊరుకుంటుంది. టీచరే మాట తప్పిందని తెలిస్తే, చె... చెల్లెల్ని కూడా బడి మాన్పిస్తుంది."

"అలా పేర్లు బయటికొస్తాయని నాకు తెలీదు లోంబే. నిజంగా తెలీదు."

"మీకు తెలీదని నాకు తెలుసు మేడమ్," అంది ఆ పిల్ల. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది మలామాకు.

మళ్లీ వాకిట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. ముసలావిడ మనవరాలి సోమరితనం గురించి ఇంకా చెబుతూనే ఉంది. మలామా ఊఁ కొడుతూ, చేతిలోని పల్లీలు ఒక్కొక్కటే నములుతూ కూర్చుంది.