ఊకబస్తా మీద ఇంజన్

కారు వెనక భాగాన్ని ఇటుకల మీదికి ఎత్తాలి. బ్యాటరీ తీగ ఊడదీయాలి. పెట్రోలు గొట్టానికి బిరడా కొట్టాలి. కాలిపోయిన ఇంజన్ దించాలి, దాని వెంట గేర్‌బాక్సు దించాలి. హైదరాబాదు నుంచి లారీలో వచ్చిన ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ వాటి చోట ఎక్కించాలి. పొద్దుగూకక ముందే ఏసమ్మను ఆ కారులో మోతెకు తీసుకుపోవాలి.

ఆ చివరి పని మెకానిక్ ముత్తయ్య ముప్పయ్యేళ్ల కిందట ఒప్పుకున్నది. పెళ్లయిన కొత్తలో మోతె నుంచి సూర్యాపేటకు ఎండలో నడిపించి తెస్తుంటే భార్య ఏసమ్మ కాళ్లు బొబ్బలెక్కాయి. "ఏడ్వకు. మళ్ల మీ ఊరికి కార్ల తోల్కపోత" అన్నాడు. ఆనాటి నుంచి ఎందరి కార్లో బాగుచేశాడు గానీ, ఒక్కదాంట్లోనూ ఆమెను కూర్చోబెట్టలేకపోయాడు. ఇప్పుడేమో గుండె బాగాలేదు, బరువులెత్తవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు.

ఈ కారు నర్సు జానమ్మది. తమ దేశానికి తిరిగి వెళ్తూ దొరసాని డాక్టరు ఇచ్చిపోయింది. "బండి లేస్తే మొదటి సవారీ ఏసమ్మ వదినదే, ముత్తన్నా" అని జానమ్మ తనంతట తానే మాటిచ్చింది.

దాని ఇంజన్ వెనక ఉంటుంది. నీళ్లడగదు, గాలితోనే చల్లబడుతుంది. మిర్యాలగూడకు వెళ్లినప్పుడల్లా జానమ్మ ఒక రైస్‌మిల్లు గోడ నీడన ఆపేది. ఎగిరొచ్చిన ఊక గాలి దారుల్లో చేరింది. ఇంజన్ ఊపిరాడక కాలిపోయింది.

ఆ ఊకనే ముత్తయ్య పనికి పిలిచాడు. నిండు బస్తాను ఇంజన్ కిందికి తోసి, బోల్టులన్నీ విప్పి, బస్తా మూలను కత్తితో చీల్చాడు. ఊక సన్నగా జారసాగింది. ఎండలో బంగారు పొడిలా లేచింది. బర్రె చెరువు నీళ్లలో కూర్చున్నట్టు ఇంజన్ చప్పుడు లేకుండా కిందికి దిగింది.

ముత్తయ్య షెడ్డు పక్క మిల్లు నుంచి సాయానికొచ్చిన హమాలీ కాటయ్య నవ్వాడు.

"పండవెట్టినవ్ గద బావా. జోల గూడ పాడుతవా?"

"నీ గొంతు మంచిగుంటది, నువ్వే పాడు."

గేర్‌బాక్సు మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. కొత్త ఇంజన్‌ను హమాలీలు చెక్క పలక మీద పెట్టి ఎత్తారు. అది గేర్‌బాక్సు దాకా వచ్చి, వేలెడు దూరాన మొండికేసింది. ముత్తయ్య కారు కిందికి దూరాడు.

"నువ్ పట్టకు బావా. అక్క నన్ను సంపుతది."

"పడుతున్ననా? ఊకె ఆనిస్తున్న."

వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లు ఆనించి, ఊపిరి బిగబట్టి నెట్టాడు. తలుపు గడియ పడ్డట్టు ఇంజన్ తన చోట కూర్చుంది. ముత్తయ్య వెంటనే బయటికి రాలేదు. వెలుతురులో తేలుతున్న ఊక నలుసులను చూస్తూ చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు.

ఏసమ్మ ఉతికిన నీలం చీర కట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఇవి యాడ పెట్టాలె?"

"కాళ్లకే తొడుక్కో. కారు నీ ఇల్లనుకో."

"ఇంట్లకు గూడ ఇడిచే పోత గద."

ఆమె ముందు సీట్లో జానమ్మ పక్కన కూర్చుంది. ముత్తయ్య వెనక ఎక్కి, సీటుకు చెవి ఆనించాడు. శనగలు వేపుతున్నట్టు ఇంజన్ చిటపటలాడి, కుదురుకుంది. అతని ముఖం విచ్చుకుంది.

పొలాల మీద పొద్దు వాలుతోంది. ఆనాడు నడిచిన దారి ఇప్పుడు అద్దం ముందు నీళ్లలా జారిపోతోంది. ఏసమ్మ తల తిప్పకుండానే మాట్లాడుతోంది.

"గీ రాయి మీదనే కూసోని ఏడ్సిన. యాదికున్నదా?"

వెనక ఇంజన్ చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఏమయ్యా, నిద్రవోయినవా?"

జానమ్మ చిన్న అద్దంలో చూసింది. రోగి గుండె మీద చెయ్యి పెట్టినట్టు ముత్తయ్య అరచెయ్యి సీటు మీద పరిచి ఉంది. చెవి అక్కడే ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఎన్నో ముఖాలు చూసిన నర్సు కాబట్టి ఆమెకు తెలిసిపోయింది. అయినా బండి ఆపలేదు. ఎదురుగా మోతె ఇళ్లు కనిపిస్తున్నాయి.

"జర పండుకోనియ్యి వదినా," అంది మెల్లగా. "మీ ఊరు వచ్చింది."

ఆ కారు తర్వాత చాలా ఊళ్లు తిరిగింది. కాటయ్య మాత్రం షెడ్డులోని ఆ బస్తాను ఎవరినీ కదపనివ్వలేదు. సూర్యాపేట వైపు వెళితే ముత్తయ్యను ఒకసారి తలుచుకోండి; సగం ఖాళీ అయిన ఊకబస్తా నడుమ, ఇంజన్ పడుకున్న గుంట ఇంకా అట్లాగే ఉంది.