వెనక సీటు ఖాళీ

ఉమాశ్రీ మొగుడు రవికిరణ్‌కి మూడు పిచ్చులు: విమానాలు, కార్ల రేసులు, పాత యుద్ధాలు. ఉప్మా తింటూ కూడా ఏదో ఒక విమానాన్ని కూల్చేస్తాడు. "అప్పట్లో రేసు డ్రైవర్లు బెల్టే పెట్టుకునేవాళ్లు కాదు తెలుసా? మంటల్లో ఇరుక్కోవడం కంటే ఎగిరి బయట పడటమే నయమనుకునేవాళ్లు" అంటాడు. ఉమాశ్రీ అల్లప్పచ్చడి వడ్డిస్తుంది. నిజాంపేటలో వాళ్లింటికి ఒకసారి వచ్చిన చుట్టాలు రెండోసారి రాకపోవడానికి కారణం ఇదేనని ఆమెకు గట్టి అనుమానం.

ఈ పిచ్చి ఇంట్లోకి ఒక ఆచారాన్ని కూడా తెచ్చిపెట్టింది. సుమారు తొంభై ఏళ్ల కింద అమెరికా సైన్యం పరీక్షిస్తున్న ఓ పెద్ద బాంబర్, చెయ్యి తిరిగిన పైలట్ నడుపుతుండగానే కూలిపోయిందట. ఎగిరే ముందు తియ్యాల్సిన గడియ ఒకటి తియ్యడం మరిచారట. ఆ తర్వాతే పైలట్లకు ఒకరు జాబితా చదివి అడగడం, ఇంకొకరు చూసి జవాబు చెప్పడం అలవాటైందట. ఉమాశ్రీ ఒకసారి కారు వెనక సీట్లో లాప్‌టాప్ మరిచిపోయాక రవికిరణ్ ఆమెకూ అదే పద్ధతి పెట్టాడు. రాయదుర్గంలో ఆమె ఆఫీసు బేస్‌మెంట్లో సిగ్నల్ ఉండదు. అందుకని లిఫ్టు దగ్గరికి వచ్చాక రోజూ ఫోను. హ్యాండ్‌బ్రేక్? వేశాను. లైట్లు? ఆపాను. వెనక సీటు? ఖాళీ. పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే ఆమెకు తల కొట్టేసినట్టు ఉండేది.

ఆ మంగళవారం రవికిరణ్‌కి పొద్దున్నే మీటింగ్. రోజూ అతను క్రెష్‌లో దింపే మూడేళ్ల పింకీని ఆమే ఎక్కించుకుంది. కారు కదలగానే పిల్ల నిద్రపోయింది. కొండాపూర్ దాటకముందే క్లయింటు ఫోను. అతను కస్సుబుస్సులాడటం, ఈమె సర్దిచెప్పడం. క్రెష్ సందు ఎప్పుడు దాటిపోయిందో ఆమెకు తెలియదు. బేస్‌మెంట్లో కాల్ కట్టయింది. దాని గురించే ఆలోచిస్తూ కారు తాళం వేసి లిఫ్టు దగ్గరికి నడిచింది.

ఫోను మోగింది.

"హ్యాండ్‌బ్రేక్?"

"వేశాను, ఆపాను, ఖాళీ. ఉంటానండీ, క్లయింటు మండిపడుతున్నాడు."

"నేనింకా అడగందే ఖాళీ అన్నావు! అలా చూడకుండా 'సరే' అని కూలిపోయిన విమానాలున్నాయి ఉమా. వెళ్లి చూసి చెప్పు."

"అబ్బా! మీకూ మీ విమానాలకూ ఓ దణ్ణం!"

విసురుగానే వెనక్కి తిరిగింది. సగం దూరంలో ఉండగా వెనక అద్దంలోంచి పింకీ గులాబీ చెప్పు కనిపించింది. ఆ తర్వాత ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

"ఏందమ్మా, గట్ల ఉరుకుతున్నరు? జర పైలం!" అన్నాడు సెక్యూరిటీ ఎల్లయ్య.

పింకీ నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. నుదుటి మీద చెమట. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. సాయంత్రం ఆరింటిదాకా ఈ కారు దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఉమాశ్రీ పిల్లను భుజాన వేసుకుని సిగ్నల్ ఉన్న చోటికి వచ్చింది.

"ఏవండీ, పింకీ కార్లోనే ఉందండీ. నేను... మరిచిపోయానండీ."



"నాకూ తెలియదు ఉమా" అన్నాడు రవికిరణ్. "దింపేశావనే అనుకున్నాను. ఏదో పిచ్చి కొద్దీ వెళ్లి చూడమన్నాను, అంతే."

అంటే బిడ్డను కాపాడింది తను కాదు, అతనూ కాదు. ఎక్కడో, ఎప్పుడో నేల కూలిన మనుషులు. వాళ్ల పేర్లు ఆమెకు తెలియవు, భర్త చెప్పినప్పుడు విననూ లేదు. వాళ్లకు మనసులోనే చేతులెత్తి మొక్కింది. ఆ కథలన్నీ విసుగు లేకుండా మోసుకొచ్చి ఇంట్లో పడేసిన మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ ఏడుపుకి పింకీ లేచింది. కళ్లు నులుముకుంటూ చుట్టూ చూసింది.

"అమ్మా, క్రెష్ వచ్చేసిందా?"

"ఇంకా రాలేదు తల్లీ" అంది ఉమాశ్రీ.