పూలవాన రిహార్సల్

చెర్రీ చెట్టు పూసిందంటే చాలు, ఆ వీధి జనానికి కళ్లు పోయి ఫోన్లు వచ్చేవి. ఏడాదంతా దాని కొమ్మకు బట్టలారేసే తాడు కట్టి, మిగిలిన టీ దాని మొదట్లో పారబోసేవాళ్లే, పూసిన వారం మాత్రం అదేదో తమ మేనత్త కూతురైనట్టు ఆనుకుని నిలబడి ఫొటోలు దిగేవారు. తల పైకెత్తి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

పిచ్చుక చూసేది. అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయిన ఆ పిల్ల కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. గాజును ఫ్రేముకు సరిపడా అరగదీసి, బిగించి, వెలుతురుకు పెట్టి చూడటం ఆమె పని. చూపు తగ్గినవాళ్లకు అద్దం పెడతాం సరే, చూడాలనే లేనివాళ్లకు ఏం పెడతాం అని ఆమెకు ఎప్పుడూ అనుమానమే.

ఆ ఆదివారం ఆమెను చూసుకోవడానికి పెళ్లికొడుకువాళ్లు వస్తున్నారు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ అబ్బాయితో ఇంటి ముందున్న ఆ చెట్టు కింద కాసేపు విడిగా మాట్లాడాలి. పెళ్లయ్యాక షాపు పని మానమంటాడా, మానొద్దంటాడా? అది అతని నోటివెంటే వినాలి.

"మాట్లాడుదువుగానిలేవే, ముందు వీడియో కానీ," అన్నాడు మామయ్య. ఆయన నీటి మోటార్లు బాగుచేస్తాడు. కొత్త ఫోను కొన్నప్పటినుంచీ ఇంట్లో డైరెక్టరు. "మీరిద్దరూ కింద నిలబడతారు. నేను గోడ వెనకనుంచి తాడు లాగుతా. పూలవాన! వాళ్లకు మాటిచ్చేశా."

"లాగితే రాలిపోతాయి మామయ్యా."

"రాలడానికేగా లాగేది! కోడిగుడ్డుకు ఈకలు పీకకు."

పొద్దున్నే రిహార్సల్ మొదలైంది. పెళ్లికూతురి చోట అత్తయ్య నిలబడింది. మామయ్య తాడు లాగాడు. పూలు జలజలా రాలాయి. అత్తయ్య గట్టిగా కళ్లు మూసుకుంది.

"కళ్లు మూస్తావేంటే మొద్దూ! మళ్లీ!"

ఈసారి ఎండ ఎదురొచ్చింది. మళ్లీ లాగాడు. అప్పుడు అత్తయ్య తుమ్మింది.

"ఒరే తమ్ముడూ, నేనొకసారి నిలబడతారా. ఎత్తులో నాదీ దానిదీ ఒకటే," అంది అమ్మ.

"ఎత్తు ఒకటేలే అక్కా. వెడల్పే, ఫోనులో పట్టాలి!"

పక్కింటావిడ ఎందుకైనా మంచిదని ముస్తాబై వచ్చింది. ఆవిడకీ ఒక వాన కురిసింది.

"మామయ్యా, చెట్టు ఖాళీ అయిపోతోంది," అంది పిచ్చుక కిటికీలోంచి.

"శుభమా అంటూ ఆ మాటలేంటే? బోలెడున్నాయి," అంది అమ్మ, ఫోనులో తన బొమ్మ మీదనుంచి కళ్లు తిప్పకుండానే.

కారొచ్చి ఆగింది. అబ్బాయినీ పిచ్చుకనూ చెట్టు కింద నిలబెట్టి, డైరెక్టరు గోడ వెనక నక్కాడు. "స్టార్ట్!" అంటూ బలంకొద్దీ లాగాడు. ఒక ఎండు పుల్ల రాలింది. దాని వెనకే, ఎప్పుడో తాడు మీదనుంచి ఎగిరి కొమ్మల్లో చిక్కుకున్న మామయ్య మేజోడు వచ్చి, పక్కనే నిలబడి చూస్తున్న అబ్బాయి తల్లి భుజం మీద వాలింది.

ఆ తరవాత తప్పెవరిదన్న గొడవ ఇంట్లోకి నడిచింది. తుమ్మినవాళ్లదని మామయ్య, లాగినవాళ్లదని అత్తయ్య. పెద్దవాళ్లంతా వెనకే వెళ్లారు. బోడి చెట్టు కింద వాళ్లిద్దరే మిగిలారు.

మంచిదే అయింది అనుకుంది పిచ్చుక. కొమ్మల చివర లేత ఆకులు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"పెళ్లయ్యాక నేను షాపు పని మానను. మీకు సరేనా?"

అబ్బాయి వంగి రేకులు పోగుచేస్తున్నాడు. "ఆఁ? ఏమన్నారు?"

మళ్లీ అడిగింది.

"అవన్నీ మెల్లగా మాట్లాడుకోవచ్చులెండి. ఇవి పైనుంచి చల్లితే వీడియోలో తెలిసిపోతుందంటారా? స్నేహితులందరికీ పంపుతానని చెప్పేశాను."

పిచ్చుక గోడకు ఆనించిన చీపురు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "దీంతో ఊడిస్తే తొందరగా అవుతుంది," అని లోపలికి నడిచింది. మామయ్య ఆమెను దాటుకుని ఫోనుతో బయటికి పరిగెత్తాడు.

"ఏమన్నాడే? నచ్చాడా?" అమ్మ వంటింట్లోకి లాగి అడిగింది.

"మామయ్యకు నచ్చుతాడు. నాకొద్దు."

"అదేం మాటే! కారణం చెప్పు."

పిచ్చుక కిటికీ తలుపు తెరిచింది. బయటినుంచి డైరెక్టరు గొంతు వినిపించింది.

"కళ్లు మూయకు అల్లుడూ! మళ్లీ!"