ఏడ్చేటందుకు ఒక మనిషి

కాకి తన్నిన సంగతి ముకుందం ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే దుకాణం షట్టరు పైకి లేపుతుంటే వెనక నుంచి వచ్చి నడినెత్తి మీద ఒక్కటి తన్నింది. తన్ని, ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని, తప్పు ఆయనదే అన్నట్టు అరిచింది. ఆయన నెత్తి తడుముకున్నాడు. బియ్యం బస్తాలు బయటికి జరిపి, అగరుబత్తి ముట్టించి, గల్లా ముందు కూర్చున్నాడు. మొయినాబాద్‌లో చాలా ఏళ్లుగా కిరాణం నడుపుతున్నా, అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప ఆయన నోట రెండో మాట విన్నవాళ్లు తక్కువ.

కానీ పాలు పోసే కృష్ణమ్మ చూసింది. పాలతో పాటు ఆ కబురు కూడా మేడ మీదికి మోసుకుపోయి ఆయన భార్య సుమిత్రమ్మకు అప్పగించింది.

సుమిత్రమ్మ భర్తకు తలస్నానం చేయించింది, నువ్వుల నూనెతో దీపం పెట్టించింది. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. నడినెత్తిన కాకి తన్నితే ప్రాణగండం అంటారు వాళ్లలో. దానికి మందు ఒక్కటే. చుట్టాల్లో ఒకరికి ఆ మనిషి చచ్చిపోయాడని కబురు పంపాలి. వాళ్లు నమ్మి నిజంగా ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. వెంటనే రెండో కబురు పంపుతారు, ఏం కాలేదు, కాకి తన్నింది, అందుకే అని. ఏడ్చినవాళ్లు నాలుగు తిట్లు తిట్టి కండ్లు తుడుచుకుంటారు. సుమిత్రమ్మ తండ్రికి ఇట్లాగే చేశారు, ఆయన ముసలితనం అంతా చూసి పోయాడు.

మరి ముకుందం కోసం ఎవరు ఏడవాలి? తల్లి లేదు, తండ్రి లేడు. తోడబుట్టింది ఒక్కతే, చెల్లెలు విమలమ్మ, చేవెళ్లలో ఉంటుంది. సుమిత్రమ్మ ఆ పేరే ఎత్తింది.

“అది ఏడుస్తదా?” అన్నాడు ముకుందం.

ఆయన ఆమెను అడిగినట్టు అడగలేదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

విమలమ్మ బిడ్డ పెళ్లికి, పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావాల్సిన మేనమామ ముకుందమే. ఆ పొద్దు దుకాణానికి సరుకు లారీ వచ్చింది. అది దింపించి, తాళం వేసి, చేవెళ్ల చేరేసరికి ముహూర్తం మీద పడింది. మగపెళ్లివాళ్లు తొందర పెడితే గంపను విమలమ్మ మరిది ఎత్తాడు. ముకుందం పందిరి బయట నిలబడి అది చూశాడు. లోపలికి అడుగు పెట్టలేదు, అక్షింతలు వేయలేదు, మెతుకు ముట్టలేదు. వచ్చిన దారినే తిరిగి వచ్చాడు. రాలేదని ఆమెకు కోపం, ఆగలేదని ఈయనకు కోపం. చేవెళ్ల అంటే ఆటో ఎక్కి దిగేంత దూరం. అయినా రాకపోకలు లేకుండానే ఏళ్లు గడిచాయి.

కోడలు స్వప్నిక ఆ తర్వాత వచ్చింది ఆ ఇంటికి. భర్తకు మేనత్త ఉందని వినడమే తప్ప ఆమె మొహం ఎరుగదు. సిటీలో పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఆఫీసువాళ్లు ఒక ఆట పెట్టుకున్నారు. ఒకరింటికి అందరూ రాత్రి భోజనానికి వస్తారు. ఆ ఇంట్లో ఒక హత్య జరిగినట్టు కథ. వచ్చినవాళ్లకు తలా ఒక వేషం. తింటూ, ఒకరినొకరు నిలదీస్తూ, చంపింది ఎవరో పట్టుకోవాలి. కిందటిసారి శంకర్‌పల్లి పక్కన ప్రియ వాళ్ల కొత్త ఇంట్లో జరిగింది. ఈసారి స్వప్నిక వంతు. కోట లాంటి ఒక గడీ, అందులో ఒక దొర, ఆ దొరను అన్నానికి కూర్చునే ముందే కత్తితో పొడిచారు, అని కథ రాసుకుంది. శవానికి దిండ్లు పేర్చి దుప్పటి కప్పి చూసింది. ఎటు నుంచి చూసినా దిండ్లే కనిపించాయి. అప్పుడు మామ వైపు చూసింది.

ఊరికే పండుకుంటే చాలు మామయ్యా, మాట్లాడే పని లేదు అంది. మాట్లాడే పని లేదంటే మా బాపును మించినోడు దొరకడు అని కొడుకు ప్రణవ్ నవ్వాడు. ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడిగితే కాదనడం ముకుందానికి చేతకాదు. తల ఊపాడు.

సుమిత్రమ్మ మాత్రం ఇల్లు ఎగిరిపోయేటట్టు లేచింది. బతికున్న మనిషిని ఇంటి నడుమ శవం చేస్తారా, అదీ కాకి తన్నిన వారంలోనా అని గిన్నెలు ఎత్తి కుదేసింది. రెండు పూటలు కోడలితో మాటలు బంద్. మూడో పూట ఏం తోచిందో, చల్లగా అయిపోయింది. పండుకుంటే పండుకోనీ, తల మాత్రం తూర్పు దిక్కుకు పెట్టాలె అంది. ఎందుకు ఒప్పుకుందో ఎవరూ అడగలేదు.

శనివారం దీపాలు పెట్టే వేళకు అందరూ వచ్చారు. ప్రియ దొరసాని, ప్రగతి వంటమనిషి, వాళ్ల మేనేజరు జ్ఞానేశ్వర్ కిరాయికి తెచ్చుకున్న ఖాకీ బట్టలు వేసుకుని ఇన్‌స్పెక్టరు. ఇంకో ఇద్దరు ముగ్గురు. శనివారం బేరం పోగొట్టుకోవడం ఎందుకని ప్రణవ్ కింద దుకాణంలో కూర్చున్నాడు. హాలు మధ్యలో పరుపు వేసి ముకుందాన్ని పండబెట్టారు. చొక్కా మీద టమాటా సాసు పోశారు. స్వప్నిక తెల్ల దుప్పటి గడ్డం దాకా కప్పి, దోషి దొరికేదాకా లేవొద్దు మామయ్యా అని బతిమాలింది.

ముకుందం కండ్లు మూసుకుని విన్నాడు. పక్కనే బల్ల మీద పులావు వాసన, చెంచాల చప్పుడు. దొర భూములు లాక్కున్నాడట. దొరసానిని ఏడిపించాడట. వంటమనిషి కొడుకును కొట్టించాడట. ఒక్కొక్కరూ లేచి తమ కారణం చెబుతుంటే మిగతావాళ్లు నవ్వుతున్నారు. తనను చంపడానికి అందరికీ కారణం ఉంది. ఏడవడానికి ఒక్కరికీ లేదు. స్వప్నిక రాసిన కథలో ఆ వేషమే లేదు.

దుప్పటి సర్దే వంకతో సుమిత్రమ్మ వచ్చి చెవి దగ్గర వంగింది.

“ఇగో, విమలకు ఫోన్ జేసి జెప్పిన, పానం పోయిందని. మీరు ఎట్లాగు పండుకునే ఉన్నరు గద, నాది అబద్ధం గాదు.”

ముకుందం కన్ను తెరిచాడు.

“ఏడ్చిందా?” అన్నాడు పెదవులతోనే.

“ఏం మాట్లాడలే. పెట్టేసింది. మల్ల జేస్తున్న, కాకి సంగతి జెప్దామని. ఎత్తుత లేదు.”

ఆయన మోచేతి మీద లేవబోయాడు. అటు నుంచి స్వప్నిక, మామయ్యా కదలకండి, ఇప్పుడే క్లూ అడుగుతున్నరు అని భుజం మీద చెయ్యేసి పండబెట్టింది. ఆయన పండుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి బలానికి కాదు. ఏడ్చిందో లేదో తెలియకుండా లేస్తే, ఇంక ఎప్పటికీ తెలియదు.

పులావు అయిపోయి పెరుగన్నం దగ్గరికి వచ్చారు. అప్పుడు మెట్ల మీద అడుగు వినపడింది. ఒక మెట్టు, ఆగి ఇంకో మెట్టు. మోకాళ్ల నొప్పులున్న మనిషి నడక. మొహం చూడక్కర్లేదు ముకుందానికి. ఒళ్లంతా చెవులు చేసుకుని ఏడుపు కోసం ఎదురుచూశాడు.

విమలమ్మ గడప దాటి నిలబడింది. జుట్టు సరిగా ముడి వేసుకోలేదు, కాళ్లకు చెప్పులు లేవు. ఏడవలేదు.

“కింద దుకాణం తెరిచే ఉన్నది,” అంది. “అయ్య సచ్చి పండితె కొడుకు చక్కెర జోకి అమ్ముతున్నడు. ఈడ మీరు తింటున్నరు.”

చెంచాలు పళ్లాల్లో ఆగాయి. తర్వాత ప్రియ, స్వప్నిక దిక్కు తిరిగి, ఈ క్యారెక్టర్ సంగతి చెప్పనే లేదు కదా నువ్వు అని చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. ఈమె ఎవరో అర్థం కాక స్వప్నిక అత్త కోసం చూసింది. సుమిత్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. లేవొద్దు, ఏడవనీ అన్నట్టు చెయ్యి మాత్రం భర్త వైపు ఊపింది. రెప్పల సందుల్లోంచి ముకుందం ఆ చెయ్యి చూశాడు.

ఖాకీ బట్టల జ్ఞానేశ్వర్ గొంతు సవరించుకుని ముందుకు వచ్చాడు. ఖాకీని చూసి విమలమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది.

“చనిపోయినాయన నీకేమైతడమ్మా?”

“అన్న. తోడబుట్టిన.”

“ఆయన చనిపోయినప్పుడు నువ్వు ఎక్కడున్నవ్?”

“మా ఇంట్ల. పిలిస్తె వస్తుంటి సారూ. పిలువలే.”

“ఆయన మీద పగ ఉన్నదా నీకు?”

“ఉన్నది.”

మళ్లీ చప్పట్లు. ఒకతను ఫోను తీసి వీడియో పట్టాడు. విమలమ్మకు ఆ చప్పట్లు దేనికో అంతు పట్టలేదు. పట్నం మనుషులు, వాళ్ల పద్ధతి ఏమో అనుకున్నట్టుంది. పరుపు దగ్గరికి వచ్చింది.

“తల తూర్పుకు పెట్టిందెవ్వరు?” అంది. “దక్షిణం దిక్కుకు పెట్టాలని గూడ తెల్వదా ఈ ఇంట్ల? దీపం ఏది? ఒక్కరన్న పక్కన కూసోలే. పట్టుండ్రి.”

ఆట వేడెక్కిందనుకుని ఇద్దరు ఉరికి వచ్చి పరుపు చెరో కొస పట్టి తిప్పారు. సుమిత్రమ్మ గుమ్మంలోనే చిన్నగా కేక వేసి నోరు మూసుకుంది. ప్రగతి బల్ల మీది కొవ్వొత్తి తెచ్చి తల దగ్గర పెట్టింది. విమలమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆమె మాట ఒక్క ముకుందానికే వినపడింది.

“గంప ఎత్తేది నువ్వేనని ఎంతసేపు ఆపిననో నీకు తెల్వదు. ముహూర్తం దాటుతున్నదని అయ్యగారు తిట్టిండు, వియ్యపురాలు తిట్టింది, అయిన ఆపిన. ఆకరికి ఎత్తిన్రు. నువ్వు బయట్నే నిలవడి పోయినవని తర్వాత జెప్పిన్రు. ఒక్క అడుగు లోపలికి వస్తే ఏమైతుండెనే అన్నా.”

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడవకున్నా ఫరవాలేదు, లేవాలి, లేచి ఏదో అనాలి అనుకున్నాడు ముకుందం. మాటలు ఎప్పుడూ ఆయనకు ఆలస్యంగానే వస్తాయి.

విమలమ్మ కాళ్ల దిక్కుకు జరిగింది. ఆ పని కూడా ఎవరూ చేయలేదని చూసి, తన చీర కొంగు అంచు పర్రున చించింది. శవానికి కట్టినట్టు ఆ పీలికతో రెండు బొటనవేళ్లూ కలిపి కట్టబోయింది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆమె వదలలేదు. పట్టుకునే కూర్చుంది. కొంచెం గట్టిగా పట్టుకుంది.

ముకుందం లేచి కూర్చున్నాడు.

హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. దుప్పటి జారి చొక్కా మీది ఎరుపు కనపడింది. విమలమ్మ చెయ్యి చాచి ఆ ఎరుపును వేలితో తాకింది. వాసన చూసింది. ఖాకీ అతన్ని చూసింది. పెరుగన్నం పళ్లాలు చూసింది. తన మీదికి తిప్పి పట్టిన ఫోను చూసింది. అప్పుడు ఏడ్చింది. కాళ్లు చాపుకుని, చిన్నపిల్ల పడిపోయి లేవలేక ఏడ్చినట్టు, చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయేదాకా ఏడ్చింది.

సుమిత్రమ్మ ఉరికి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కాకి సంగతి అంతా చెప్పింది. ఫోను ఎత్తలేదెందుకమ్మా అని అడిగింది. ఫోను ఇంట్లోనే పడేసి వచ్చిందట.

“ఏడ్చినవు, సాలు,” అంది సుమిత్రమ్మ, ఆమె వీపు నిమురుతూ. “ఇగ మీ అన్నకు ఏం ఫికర్ లేదు.”

విమలమ్మ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి లేచింది. స్వప్నిక ఎదురు వచ్చి సారీ అత్తమ్మా అని ఏదో చెప్పబోతే, నీదేం లేదు బిడ్డా అని పక్కకు తప్పుకుంది. మెట్లు దిగింది.

ముకుందం వెనకాలే ఉరికాడు. చొక్కా మీది ఎరుపు చూసి దుకాణం ముందు బేరానికి వచ్చినవాళ్లు వెనక్కి జరిగారు. ప్రణవ్ తరాజు వదిలేసి, అత్తా, నువ్వెప్పుడొచ్చినవ్ అన్నాడు. ఆమె అప్పటికే వాళ్ల ఊరి సైదులు ఆటోలో కూర్చుంది. చేవెళ్ల నుంచి ఏడవకుండా, మాట్లాడకుండా వచ్చిన మనిషి ఇప్పుడు ఏడుస్తుంటే సైదులు ఇంజను స్టార్ట్ చేయాలో వద్దో తెలియక చూస్తున్నాడు.

ముకుందం ఆటో కమ్మీ పట్టుకున్నాడు.

“దిగు విమలా. అన్నం తిని పో.”

“నువ్వు తిన్నవా నా ఇంట్ల?”

ఆయన కమ్మీ వదలలేదు.

“చేవెళ్ల నుంచి ఈడిదాక ఏడ్వలే నేను,” అంది విమలమ్మ. “ఏడిస్తె నిజమైతదని బయపడ్డ. ఇగ నిజంగ పోయిననాడు కబురొస్తె నేను నమ్మ అన్నా. నాకు కబురు పంపకుండ్రి. పోనీ సైదులూ.”

ఆటో కదిలితే ముకుందం చెయ్యి కమ్మీ మీద నుంచి దానంతట అదే జారింది. ఆటో వెనక ఎర్రలైటు రోడ్డు మలుపు దాకా కనపడింది.

పైకి వచ్చేసరికి ఎవరూ తినడం లేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫోను పట్టినతను ఆ వీడియో తుడిపేస్తున్నాడు. ఆట ఆపేద్దాం మామయ్యా, చంపింది ఎవరో ఇంక అవసరం లేదు అంది స్వప్నిక. ఆ పిల్ల కండ్లు ఎర్రగా ఉన్నాయి. ముకుందానికి ఆమెను ఏమీ అనాలనిపించలేదు. భార్యను కూడా ఏమీ అనాలనిపించలేదు. ఆమె దేవుడి దగ్గర కొబ్బరికాయ కొడుతోంది.

ముకుందం పోయి పరుపు మీద పండుకున్నాడు. దుప్పటి తనే కప్పుకున్నాడు. కాళ్ల దగ్గర చీర పీలిక పడి ఉంటే తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. విమలమ్మ తిప్పించినట్టే, తల దక్షిణం దిక్కుకే ఉంది.

కొబ్బరి చిప్పలు పట్టుకుని వచ్చి సుమిత్రమ్మ అది చూసింది. తల తిప్పుకోండ్రి అంది. మళ్లీ అంది. గండం పోయింది గదా, ఇంకెందుకు అటు, తిప్పుకోండ్రి అని పరుపు కొస పట్టుకుని గుంజింది. ఆయన గుప్పిట బిగించాడే తప్ప లేవలేదు, ఆమె ఒక్కతితో ఆ బరువు కదలలేదు. సాయం రమ్మని చుట్టూ చూసింది. ఎవరూ ముందుకు రాలేదు.