పిల్లమ్మ చెవిన పడిన ఇనుము

జిగణిలో ఓబళప్ప పాత సామాన్ల గుజరీ అంగడి పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. అప్పటికే పిల్లమ్మ వాకిట్లో గోనెపట్టా పరుచుకుని ఉంటుంది. తలుపు తీయగానే పాత ఇనుము ఒక పక్కకి, ఇత్తడి ఒక పక్కకి వేరుచేస్తూ కూర్చుంటుంది. అనుమానం వచ్చిన ముక్కను చెవికి ఆనించుకుంటుంది. పాత ఇనుము ఇళ్ళ సంగతులు చెబుతుంది. కిటికీ ఊచ అయితే ఆ ఇంటి పిల్లల పేర్లు, లారీ కమాను పట్టీ అయితే ఎక్కిన ఘాట్లు. కొత్త ఇనుము మాత్రం తన కొండ కోసం ఏడుస్తుంది. ఏడాదో రెండేళ్ళో మనుషుల మధ్య మసిలితే సర్దుకుంటుంది, కొత్త కోడలి మాదిరి.

జిగణిలో అందరికీ తెలిసిన సంగతే ఇది. దొంగ సొత్తేమోనని భయపడే వ్యాపారులు సరుకు తెచ్చి వినిపించుకుని పోతుంటారు.

2005 జూన్‌లో ఒకరోజు చైత్ర స్కూటీ మీద ఒక ఇనుప దిమ్మ పెట్టుకుని వచ్చింది. పక్క వీధి ఫౌండ్రీలో సరుకు తనిఖీ ఆమె పని. చేరి ఆర్నెల్లయింది. అక్కడ నీళ్ళ పంపులకు భాగాలు పోత పోస్తారు. వాటిని కొనే విదేశీ కంపెనీ ఈసారి కొత్త షరతు పెట్టింది. ఈ ఇనుము వల్ల ఎవరి చేనూ నీళ్ళూ పాడుకాలేదని రాసివ్వాలట. దిమ్మలు అమ్మిన కొలిమివాళ్ళ కాగితాల్లో అంతా పాత ఇనుము కరిగించిందేనని ఉంది. కింద చైత్ర సంతకం పెట్టాలి.

"కాగితాలు సరిగ్గానే ఉండాయక్కా. నా మనసే ఒప్పుకోలేదు."

పిల్లమ్మ దిమ్మను ఒళ్ళోకి తీసుకుని చెవి ఆనించింది. కాసేపటికి నములుతున్న వక్క ఉమ్మేసింది.

"పాత ఇనుమంటనా! దీనికి ఒక్క ఇంటి గడప గూడా తెలీదు పాపా. ఎక్కెక్కి ఏడస్తా ఉండాది. రాయదుర్గం దాటినాక కొండంట, కొండ కింద వంకంట. వంక నీళ్ళు నెత్తురు మాదిరి పారతా ఉండాయంట."

పసిబిడ్డను నిమిరినట్టు దాని వీపు నిమిరింది.

చైత్ర వెళ్ళి మేనేజరు వెంకటేశ్‌కి చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు.

"పిల్లమ్మ చెప్పిందంటే నిజమే. మా మామ సైకిలు దొరికింది ఆయమ్మ వల్లే. కానీ ఆడిట్‌లో పిల్లమ్మ చెవి చెల్లదు కదమ్మా. సరుకు ఆపితే ఆర్డరు పోవచ్చు. నూటిరవై మంది ఉండారు ఇక్కడ. సోమవారానికి ఇంకేదైనా రుజువు తే. లేదంటే సంతకం పెట్టు."

శనివారం పొద్దున ఇద్దరూ బస్సెక్కారు. పిల్లమ్మ దిమ్మను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని దారంతా జోకొడుతూనే ఉంది. ఐదేళ్ళ లోపే కదా అని కండక్టరు దానికి టికెట్టు అడగలేదు.

బస్సు దిగాక ఏడుపు పెరిగిన దిక్కుగా నడిచారు. కొండ సగం లేదు. ఇనుప రాయి తవ్విన గుంత అంచుకు వచ్చేసరికి దిమ్మ ఉన్నట్టుండి ఊరుకుంది.

"ఇదే దీని తావు," అంది పిల్లమ్మ.

కింద వంక ఒడ్డున అంజినమ్మ అనే ముసలామె బిందెల్లో ఎర్రనీళ్ళు తేటపడేదాకా కాచుకుని కూర్చుని ఉంది. చీర మూట చూసి బిడ్డనుకుని లేచి వచ్చింది. ఇనుమని తెలిశాక కూడా మొహం మార్చుకోలేదు.

"ఇంటికొచ్చినావా తండ్రీ," అంటూ చేత్తో తడిమింది. తర్వాత గుంత పక్కన పాతిన రాయిని చూపించింది; తవ్వకం దాన్ని దాటి చాలా ఇవతలికి వచ్చేసింది. "సర్కారు తవ్వుకోమనింది ఆ హద్దురాయి దాకానే. మూడేండ్లుగా మొత్తుకుంటా ఉండా, వినేవాళ్ళు లేరు. ఇప్పుడు లారీలకు నా చేన్లోనే బాట తీస్తారంట. కర్రలు గూడా నాటినారు. ఉండేది రెండెకరాలమ్మా."

ఆమె ట్రంకుపెట్టెలో అధికారులకు పెట్టుకున్న అర్జీల నకళ్ళు ముద్రలతో సహా ఉన్నాయి. పొయ్యి రాజేసుకోవడానికి ఏరుకున్న, రాయి లోడు లారీల చీటీల మీద దిమ్మలు అమ్మిన కొలిమి పేరే ఉంది. చైత్ర వాటన్నిటినీ, హద్దురాయినీ గుంతనూ ఫొటోలు తీసుకుంది.

"దీన్ని ఈడ్నే వదిలేద్దామా అక్కా?"

పిల్లమ్మ చెవి ఆనించి విని, కళ్ళు తుడుచుకుంది. "వద్దంట పాపా. చూసింది చాలంట. ఈడ అమ్మ ఒళ్ళు లేదు గదా, మనతోనే వస్తాదంట."

సోమవారం వెంకటేశ్ ఆ ఫొటోల్లోని కాగితాలు రెండుసార్లు చదివాడు. దిమ్మల లోడు వెనక్కి పంపించి, విదేశీ కంపెనీకి తనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు రెండు నెలలు గడువిచ్చారు. ఆ రెండు నెలలూ ఓబళప్ప అంగడి పాత ఇనుముతోనే పోత సాగింది. తతిమ్మా ఫౌండ్రీలు కూడా ఆరా తీస్తాయని కొలిమివాళ్ళు భయపడి ఆ గుంత రాయి కొనడం మానేశారు. చుట్టుపక్కల కొండల మీద లారీలు తిరుగుతూనే ఉన్నాయి. ఈ ఒక్క గుంత మాత్రం కొనేవాళ్ళు లేక ఆగింది.

శ్రావణంలో గుంత తవ్వించిన గుత్తేదారు మనిషొకడు, బాట ఇక అక్కర్లేదని, చేన్లో నాటిన కర్రలు పీక్కుపోవడానికి వచ్చాడు. అంజినమ్మ అతన్ని నీడన కూర్చోబెట్టి సజ్జ రొట్టె పెట్టింది. మంచినీళ్ళిచ్చింది. "ఇంగ రావద్దు నాయనా," అని చెప్పి సాగనంపింది. అతను కనుమరుగయ్యాక గొర్రు కట్టించి, రెండెకరాల్లోనూ శనక్కాయ విత్తింది.