తలకింత ఖర్జూరం

రండి, రండి, ఈ గాజుపెట్టె దగ్గరికి జరగండి. ఏసీ చల్లగా ఉంది కదా అని అక్కడే నిలబడి కబుర్లాడితే ఎలా? ఫోన్లు జేబుల్లో పెట్టండి. ఆ ఏడ్చే పిల్లాడి నోట్లో ఓ ఖర్జూరం పెట్టండి, నా కథ అయ్యేదాకా నములుతూ ఉంటాడు.

నేను ఒక మోకును. తెలియనివాళ్లకు చెబుతున్నా, కల్లు గీసే గౌడు తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే తాడును. నా కింద అట్టముక్క మీద ‘ఈ దేశపు ప్రాచీన తాడు’ అని రాసి ఉందట. నవ్వకండి. నేను పుట్టింది జగిత్యాల పక్కన ఓ పల్లెలో.

నన్ను పేనినవాడు సాంబయ్య తాత. నారా తోలూ కలిపి పేని, పరీక్షకని రెండు దున్నపోతులను చెరో కొసకూ కట్టి తోలాడు. పొద్దున మొదలుపెట్టిన లాగుడు సాయంత్రానికి తేలింది. దున్నలు రొప్పుతూ పడుకున్నాయి, నేను ఆవలించాను. మరోసారి, నాతో చెట్లెక్కే కాశన్న నన్ను చుట్టుకుని తాటిచెట్టు మీద ఉండగా పిడుగు పడింది. కుండలో కల్లు కాగి పాయసమైంది గాని, నాలో ఒక్క పోగు కమిలితే ఒట్టు. “ఈ మోకుకు తెగుడన్నది ఎర్కలేదు” అని తాత కల్లు మండువాలో రొమ్ము చరుచుకుని చెప్పేవాడు. ఆ మాట విని నేను ఉబ్బిపోయేదాన్ని. ఎందుకు ఉబ్బానా అని ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

నా మనిషి పేరు బొంగోని కాశాగౌడ్. ఊళ్లో తాటిచెట్లు తగ్గి, కల్లు తాగేవాళ్లు సీసాలకు మరిగాక, ఖర్జూరపు చెట్లు ఎక్కే పని దొరికిందని గల్ఫ్ విమానమెక్కాడు. సంచిలో రెండు జతల బట్టలు, పెళ్లాం సత్తెమ్మ పెట్టిన తొక్కు పచ్చడి, నేను. మొదటి రోజు తోటను చూసి ఒకటే నవ్వు. “ఓర్ని, ఇయన్ని మన ఈతచెట్లే గదనే! దుబాయి తిండి తిని బలిసినయంతే!” అన్నాడు నాతో.

ఏళ్లు గడిచాయి. చలి తగ్గేటప్పుడు ఎక్కి పూతకు పుప్పొడి అంటించడం, ఎండలు మండేటప్పుడు ఎక్కి గెలలు దించడం. నేల రాలినవి పనివాళ్లు తినొచ్చు, చెట్టు మీదివి మాత్రం పెట్టెలకెక్కాలి. ఇంతలో ఊళ్లో సత్తెమ్మకు రక్తం తగ్గింది. ఊరి ఆశా వర్కరమ్మ ఖర్జూరాలు తినమందట. ఫోన్‌లో ఆమె గొంతు నేనూ విన్నాను.

“గా చెట్లనే ఉంటవు, నాకు మాత్రం సంతల కొనుక్కోమంటవు. మంది నవ్వుతున్నరు.”

“పంపుత తియ్యే. ఖాజాభాయ్ శుక్రారం ఇంటికొస్తుండు, ఆయనతోటి పంపుత” అన్నాడు కాశన్న.

ఖాజామియా తోట లారీ డ్రైవరు. నిజామాబాద్ మనిషి, అరబ్బీ బాగా వచ్చు.

ఆ వారంలోనే పంటల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కారు బానెట్ మీద పెద్ద కాగితం పరిచి, పై నుంచి కిందికి జారే గీత ఒకటి చూపించి, యజమాని ముసలి అర్బాబ్‌కు ఏదో చెప్పి తల పట్టుకున్నాడు. ఖాజామియా విని తెలుగులో చెప్పాడు. “ఈ దేశంల తలకు ఇన్ని కర్జూరాలని లెక్కుంటదట అన్నా. ఎన్కట తలకో బస్తా ఉండెనట. గిప్పుడు బుట్టెడే. ఇట్లనే పోతే రేపు గుప్పెడట.”

“ఎందుకట్ల? చెట్లు సచ్చినయా?”

“పురుగు పట్టి కొన్ని పోయినయి, ఇండ్లు కట్టి కొన్ని కొట్టిండ్రు. చెట్లకంటె తలలు మస్తు పెరిగినయట.”

“ఎవల తలలు?”

“ఈ నేల మీదున్న అందరియి. నీది, నాది గుడ.”

కాశన్న తన తలను ఓసారి తడుముకున్నాడు. “నా తల గుడ లెక్కల ఉన్నదా? మరి నా వంతేది భాయ్? మా ఊర్ల రేషన్ షాపుల తలకింతని రాసుకుంటే, అంత బియ్యం తూకమేసి ఇస్తరు. ఈడ రాసుకునుడే గాని ఇచ్చుడు లేదా?”

ఖాజామియా నవ్వుతూనే ఆ మాటను అరబ్బీలో చెప్పాడు. ఆఫీసాయన, అది లెక్క కోసం వేసే భాగమే గాని పంచిపెట్టేది కాదని చాలాసేపు చెప్పాడు. అర్బాబ్‌కు నవ్వాగక దగ్గు వచ్చింది. చెడ్డవాడు కాడు. బావి పక్కనున్న ఎత్తయిన ముసలి చెట్టును చూపించి, “మా తాత నాటింది. రెండేళ్లుగా ఎవరూ ఎక్కలేదు. దాని మీద ఉన్నదంతా నీ వంతే” అన్నాడు.

కాశన్న దాని దగ్గరికి వెళ్లి, తాటిచెట్టును కొట్టినట్టే అరచేత్తో కొట్టి చెవి ఆనించాడు. కుండ మోగినట్టు బోలుగా మోగింది. చెట్టు మొదలు దగ్గర నమిలి ఉమ్మినట్టు పొట్టు రాలి ఉంది. బెరడు లోంచి ఎర్రటి రసం కారుతోంది.

“పురుగు తినేసింది అన్నా, వద్దు. బజార్ల కొందాం, పైసలు నేనిస్త” అన్నాడు ఖాజామియా.

“కొన్నయి జగిత్యాలల దొరుకుతలేవా? ఇయి నా వంతు. సత్తెమ్మకు చెప్పుకోవద్దా, గిన్నేండ్లకు ఈ దేశం నా తలకు ఇచ్చినయని?”

నన్ను చుట్టుకున్నాడు. ఎక్కుతుంటే చెట్టు లోపల కరకరమని నమిలే చప్పుడు నాకు తెలుస్తూనే ఉంది. అరుద్దామంటే మోకుకు నోరెక్కడిది? పైకి చేరాడు. గెలలు నిజంగానే ఉన్నాయి, గాలికే పుప్పొడి అంటి కాసినవి, తేనె రంగువి. ఒక్క పండు కోసి, వాసన చూసి, నోట్లో పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

చెట్టు నడిమికి విరిగింది.

కింద మెత్తటి ఇసుక కుప్ప ఉంది. చెట్టు ఒరగగానే అతను దాని మీదికి దూకబోయాడు. నేను కొంచెం జారినా, ఒక్క పోగు తెగినా, కాలో చెయ్యో విరిగి బతికేవాడు. నేను తెగలేదు. దున్నపోతులు లాగినా తెగనిదాన్ని. చెట్టునూ మనిషినీ కలిపి గట్టిగా పట్టుకుని, ఇద్దరినీ ఒక్కటిగా నేలకు దించాను. ఖాజామియా కొడవలితో నన్ను కోసి అతన్ని విడిపించాడు. అప్పటికే అయిపోయింది.

అర్బాబ్ ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తోటలోని మేలైన పండ్లు ఏరించి, ఓ అట్టపెట్టె నింపి శవపేటికతో పంపాడు. రెండు పెట్టెలనూ ఖాజామియా ఇల్లు చేర్చాడు. సత్తెమ్మ రక్తం పెరిగిందో లేదో నాకు తెలియదు.

నన్ను షెడ్డు వెనక పారేశారు. తర్వాత ఖర్జూరాల ప్రదర్శనకు పాత సామాన్లు ఏరడానికి వచ్చినవాళ్లు, దుమ్ము దులిపి, తెగిన చోట ముడివేసి ఈ గాజుపెట్టెలో పెట్టారు. నా పక్కనే గోడకు ఆ జారే గీత కాగితం వేలాడుతోంది. గీత దిగి, దిగి, చిట్టచివర, కొత్తగా కలిపిన కాశన్న పోయిన ఏడాది దగ్గర, గోరంత పైకి లేచింది.

నిన్న సెలవు దొరికిన మన తెలుగు కుర్రాళ్లు నలుగురు వచ్చి దాని ముందు నిలబడ్డారు. ఉచితంగా పంచుతున్న ఖర్జూరాలను చెంపలు ఉబ్బేలా కుక్కుకున్న ఒకడు, గీత కొస మీద వేలు పెట్టి పకపకా నవ్వాడు.

“అరేయ్, చివర్ల జరంత లేచింది జూడుర్రి! ఆ ఏడాది ఎవనికో షుగర్ బీమారి వచ్చినట్టున్నది, ఆని వంతు మిగిలింది!”