మెట్ల మీద కుర్చీ

మామ్మ సంచీ సర్దుతోంది. అడుగున దుప్పటి, దాని మీద రెండు జతల బట్టలు, తువ్వాలు, స్టీలు గ్లాసు, దువ్వెన, పైన మందుల పొట్లం. కళ్ళజోడు పెట్టింది, మళ్ళీ తీసి గుడ్డలో చుట్టి పెట్టింది. సంచీ పిడికి నీలం బొత్తాం ఒకటి కుట్టి ఉంది. ఆసుపత్రి వరండాలో ఎన్నో సంచులుంటాయి. చీకట్లో తడిమినా తమది ఏదో తెలియాలని కుట్టుకున్న గుర్తు అది.

ఆమె సర్దిన సంచులు ఇంతకుముందూ ఈ గుమ్మం దాటాయి. ఓడరేవు పనికి పోయిన తమ్ముడిది ఒకటి, గనుల్లోకి పోయిన కొడుకుది ఒకటి. ఆ సంచులూ రాలేదు, మనుషులూ రాలేదు. అందుకే సంచీ ముట్టుకోవాలంటే ఆమెకి భయం. అయినా ఆ పని ఇంకొకరికి ఒప్పగించదు.

మంచం మీద ఆమె భర్త మిల్లు తాత దిండుకి ఆనుకుని ఊపిరి ఎగబీలుస్తున్నాడు. వయసంతా నూలు మిల్లులో పీల్చిన దూది ఇప్పుడు రొమ్ములో కూర్చుని కిందికి దిగనంటోంది. ఈసారి ఆసుపత్రిలో చేర్చక తప్పదని డాక్టరు చెప్పాడు.

బయట మెట్ల మీద ఠంగు ఠంగుమని సమ్మెట దెబ్బలు వినిపించాయి. మామ్మ తలుపు తీసింది. ఇద్దరు కూలీలు మెట్ల పక్కనున్న ఇనప కమ్మీని పెకలిస్తున్నారు. కింది అంతస్తుల్లో అప్పటికే పీకేశారు. మెట్ల అంచు నుంచి చూస్తే అయిదంతస్తుల లోతూ బావిలా కనిపిస్తోంది. ఓనరు పెట్టుకున్న మేనేజరు నడుం మీద చేతులు వేసుకుని పని చూస్తున్నాడు.

“ఏంటయ్యా ఇది? ముసలీ ముతకా పట్టుకునేది ఆ కమ్మీ ఒక్కటేగా.”

“తుప్పు పట్టింది మామ్మా. కొత్తది వేస్తాం.”

“ఎప్పుడు?”

“వేస్తాంగా. ఈలోగా లిఫ్టుంది, దర్జాగా దిగండి. అసలు మీలాంటి వాళ్ళ కోసమే కదా ఓనరుగారు అంత పోసి పెట్టించింది.”

ఆ లిఫ్టు ఎవరి కోసం వచ్చిందో ఆ మేడలో అందరికీ తెలుసు.

ఆ పాత అయిదంతస్తుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు మిల్లుల్లో, బట్టల దుకాణాల్లో, ఆసుపత్రి వార్డుల్లో, బస్సుల్లో పనిచేసేవాళ్ళు. కప్పు కారుతోంది బాగుచేయించమని ఏళ్ళ తరబడి అడిగారు. ఓనరు చెవిన పెట్టలేదు. అలాంటిది ఉన్నట్టుండి మేస్త్రీలు దిగారు. గేటు దగ్గర నిగనిగలాడే పలకలు పరిచారు, గోడలకి రంగు వేశారు, మధ్యలో లిఫ్టు పెట్టారు, అందులో కెమెరా బిగించారు. కప్పు మాత్రం ఎప్పటిలాగే కారుతోంది.

“అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా ఓనరు పెడుతున్నాడంటే అది గాలానికి గుచ్చిన ఎర” అన్నాడు పానా. పానా రెండో అంతస్తులో ఉండే కుళాయిల పనివాడు. వెనక జేబులో ఎప్పుడూ పానా ఉంటుంది కనుక ఆ పేరే స్థిరపడిపోయింది. అతని భార్య టైలరమ్మ. కిటికీ పక్కన మిషను వేసుకుని ఆ ఇంటి బట్టలన్నీ ఆమే కుడుతుంది.

పానా అన్నట్టే అయింది. గేటు పక్కన నోటీసు అంటించారు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ సొంతంగా చదువు నేర్చుకున్న మామ్మ, అక్షరాల కింద వేలు పెట్టి పైకి చదివింది. ఇంటికి కొత్త హంగులు వచ్చినందున అద్దె ఒకటిన్నర రెట్లు. లిఫ్టు వాడినవారు పెంపునకు సమ్మతించినట్లే భావించబడును.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట” అని ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

ఆ రోజు నుంచి ఒక్కో గదిలో ఒక్కో కోత. ఒకరింట్లో పాలు ఆగాయి. ఒకరింట్లో పిల్ల చదువు ఆగింది. టైలరమ్మ బల్బు పీకేసి ఎండ ఉన్నంతసేపే మిషను తొక్కింది. మామ్మ భర్త వేసుకునే మాత్రల్ని చాటుగా సగానికి విరిచి ఇవ్వడం మొదలుపెట్టింది.

డాబా మీద మీటింగు పెట్టుకున్నారు. ఎవరూ లిఫ్టు ఎక్కకూడదు, పెంచిన అద్దె కట్టకూడదు అని తీర్మానించారు. అప్పుడెవరో “మరి మిల్లు తాతో?” అన్నారు.

“ఆయన ఎక్కొచ్చు. రోగిష్టి మనిషి. మనమేమన్నా రాక్షసులమా?”

అందరూ చేతులెత్తారు. మామ్మ కళ్ళు తుడుచుకుని, ఇంతమంచి జనం మధ్య బతుకుతున్నానని పొంగిపోయింది.

తాత లిఫ్టెక్కి ఆసుపత్రికి వెళ్ళొచ్చాడు. మర్నాడు గేటు దగ్గర కెమెరా తీసిన బొమ్మ వేలాడింది. అయిదో అంతస్తువారు సమ్మతించారు, మిగిలినవారు ఎప్పుడు అని దాని కింద రాశారు. తాతకైతే రోగం, మరి నాది బరువు కాదా అని నాలుగో అంతస్తు నిండుచూలాలు అడిగింది. కాదని ఎవరనగలరు? ఆమె ఎక్కింది. తరవాత మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ, తరవాత నీళ్ళ డబ్బాలు మోసేవాడు. ఎక్కిన ప్రతివాళ్ళ దగ్గరా న్యాయమైన కారణమే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. నెల తిరిగేసరికి సగం గదులకి కొత్త అద్దె చీటీలు వచ్చాయి. కట్టలేని బస్సు క్లీనరు కుటుంబాన్ని సామానుతో సహా వీధిలోకి నెట్టారు. వాళ్ళ పరుపు అకాల వానలో తడుస్తుంటే అందరూ కిటికీల్లోంచి చూశారు. ఒక్కరూ కిందికి దిగలేదు.

రెండో మీటింగులో మాటలు కత్తులయ్యాయి.

“మొదట ఎక్కించింది ఈమే” అన్నాడు దుకాణంలో పనిచేసే ఒకాయన మామ్మ వైపు చూపించి. “ఈమె మొగుడు సుఖంగా దిగాడు, మన కొంపలు మునిగాయి.”

“ఎక్కించింది మనం” అంది టైలరమ్మ. “నువ్వు చెయ్యెత్తలేదా అన్నయ్యా? చెయ్యెత్తడానికి ఏం ఖర్చవుతుందిలే.”

పానా లేచాడు. “జాలిపడి వదిలేశాం. జాలి చవక. మోసి ఉండాల్సింది.”

“ఎవర్ని?”

“తాతని. నడవలేనివాళ్ళందర్నీ. నిండుచూలాలిని, ముసలమ్మని, నీళ్ళ డబ్బాల్ని కూడా. మోసేవాళ్ళుంటే లిఫ్టెక్కే కారణం ఎవరికుంటుంది?”

“పొద్దున్నే డ్యూటీకి పోవాలి మేం. మా నడుములు విరిగితే?”

“నిన్నూ మోస్తాం. నువ్వు బరువేలే, ఆరుగురు కావాలి.”

అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు.

“మీ పోరాటానికి మా ఆయన ఊపిరా పందెం?” అంది. “కుర్చీ జారితే ఎవరు జవాబుదారీ? మీకు ఇల్లు పోతే ఇంకో ఇల్లు. నాకు ఆయన పోతే?”

మూల గోడకి ఆనుకుని కూర్చున్న తాత అందుకున్నాడు, ఒక్కో ముక్కకీ ఆగుతూ.

“మాత్రలు సగానికి విరుస్తున్నావు. నాకు తెలీదనుకున్నావా? లిఫ్టెక్కితే అద్దె. అద్దె కడితే మందుల్లేవు. మందుల్లేకపోతే ఎలాగూ నలుగురు మోస్తారు. ఆ మోసేదేదో ఇప్పుడే మొయ్యనీయవే. కూర్చుని చూస్తాను.”

పానా చేతుల కుర్చీకి ముందు రెండు, వెనక రెండు ఇనప గొట్టాలు బిగించాడు. టైలరమ్మ మందపాటి గుడ్డతో పట్టీలు కుట్టింది. ఏ అంతస్తు వాళ్ళు ఆ అంతస్తు మెట్ల దగ్గర అందుకోవాలి. మలుపు తిరిగితే భుజం మారుతుంది. తాత దిగేవాడు, నిండుచూలాలు ఎక్కేది, ముసలమ్మ తిట్టుకుంటూ ఊరేగేది. కొత్త అద్దె కట్టడం అందరూ మానేశారు. లిఫ్టాయన స్టూలు మీద కూర్చుని తలుపు తెరిచేవాడు, ఎవరూ రాకపోతే మూసేవాడు. అతనూ జీతగాడే, మొహం చాటేసుకునేవాడు. లిఫ్టు అద్దంలో అతని మొహం తప్ప ఇంకో మొహం కనిపించని వారాలు గడిచాయి.

ఇవాళ కమ్మీలు పీకించింది అందుకే.

పానా, ఇంకో ముగ్గురు కుర్చీతో పైకి వచ్చారు. తాతని దుప్పటి కప్పి కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. తాత పెదవులు నీలంగా ఉన్నాయి. అప్పుడే లిఫ్టు అయిదో అంతస్తులో ఆగింది. లిఫ్టాయన తల బయటపెట్టాడు.

“మామ్మా, కెమెరా మీద గుడ్డ కప్పాను. ఎక్కించెయ్యి. నేనెవరికీ చెప్పను, ఒట్టు.”

లోపల తెల్లటి దీపం వెలుగుతోంది. రెప్పపాటులో కిందికి చేరొచ్చు. ఇటు చూస్తే పట్టుకోడానికి ఏమీ లేని మెట్లు.

“ఎక్కిద్దాం నాయనా” అంది మామ్మ. “ఇవాళొక్క రోజుకి.”

పానా కుర్చీ మీంచి చెయ్యి తియ్యలేదు. “నీ ఇష్టం మామ్మా. ఎవరూ ఒక్క మాట అనరు, అంటే నేనూరుకోను. కానీ ఒక్కసారి కిందికి చూసి చెప్పు.”

మామ్మ గోడ పట్టుకుని తొంగి చూసింది.

కమ్మీ పీకిన అంచు పొడవునా మనుషులు నిలబడి ఉన్నారు. మెట్టుకొకరు, లోతు వైపు వీపు పెట్టి, పక్కవాళ్ళ చెయ్యి గట్టిగా పట్టుకుని. డ్యూటీ మానుకుని కొందరు, డ్యూటీ దిగి అలాగే వచ్చినవాళ్ళు కొందరు. మీటింగులో ఆమెని తిట్టిన దుకాణం ఆయన అందరికంటే పై మెట్టు మీద ఉన్నాడు. మొహం చెమటతో తడిసిపోయింది.

“తొందరగా రా మామ్మా” అన్నాడు. “నాకు ఎత్తంటే భయం.”

మామ్మ సంచీ అందుకుంది. “పట్టండి” అంది.

కుర్చీ కదిలింది. ఒక్కో మెట్టు దాటుతుంటే పక్కనున్న చేతులు గొట్టాన్ని తాకి, సర్ది, కిందివాళ్ళకి అందించాయి. నాలుగో అంతస్తు దాటింది. మూడో అంతస్తు దాటింది. “బతికుండగా ఇంత పెద్ద ఊరేగింపు ఓనరుకి కూడా జరగదురా” అన్నాడు తాత గాలి లేని గొంతుతో. మెట్ల పొడవునా నవ్వు పాకింది.

రెండో అంతస్తు మలుపులో పోలీసులు ఎదురొచ్చారు. వెనక మేనేజరు.

“మెట్ల కమ్మీలు దొంగతనంగా పీకింది ఎవర్రా?”

“పీకించిన మనిషి మీ వెనకే ఉన్నాడు సార్” అంది టైలరమ్మ.

మేనేజరు పానా వైపు వేలు చూపించాడు. “వీడే. వీడి జేబు చూడండి, ఇంకా పానా అందులోనే ఉంది.”

పోలీసు అతని జేబులోంచి పానా లాగి పైకెత్తి చూపించాడు, దొంగసొత్తు దొరికినట్టు. “కుర్చీ దించు.”

“ఇక్కడ దించితే జారుతుంది సార్. కింద గేటు దాకా చేర్చనివ్వండి, నేనే వచ్చి జీపెక్కుతాను.”

లాఠీ అతని మోచేతి మీద పడింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. తాత మూలిగాడు. అంచున నిలబడ్డ వరస ఒక్కసారి ముందుకు వంగి కుర్చీని ఆపింది. పానా చెయ్యి జారిన గొట్టాన్ని టైలరమ్మ భుజం పెట్టి ఎత్తింది. మిగిలిన ముగ్గురినీ లాగేస్తుంటే రెండు గొట్టాలు ఇద్దరు ఆడవాళ్ళు పట్టారు, అందులో ఒకామె బిడ్డని పక్కామె చేతిలో పెట్టి వచ్చింది. నాలుగో గొట్టం ఖాళీగా ఊగింది. లిఫ్టాయన రెండో అంతస్తులో లిఫ్టు ఆపి, స్టూలు తెచ్చి దాని తలుపులకి అడ్డం పెట్టి, తాళంచెవి మేనేజరు కాళ్ళ దగ్గర పడేసి, ఆ గొట్టం కింద భుజం పెట్టాడు.

“నీ ఉద్యోగం పోయినట్టే” అన్నాడు మేనేజరు.

“ఉత్త పెట్టెకి కాపలా ఓ ఉద్యోగమా” అన్నాడతను.

పానాని మెడ పట్టి దింపుతున్నారు. ఒంటి మీద పని బట్టలే. మామ్మ సంచీలోంచి మందుల పొట్లం, కళ్ళజోడు తీసి కొంగున కట్టుకుంది. మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి సంచీ అతని చేతిలో పెట్టబోయింది. చెయ్యి ఒక క్షణం వెనక్కి లాగింది. ఆమె సర్దిన సంచులు ఎటు పోతాయో ఆమెకి తెలుసు. అయినా పెట్టింది.

“దుప్పటుంది, బట్టలున్నాయి. నేల చల్లగా ఉంటుంది నాయనా.”

“తాతది కదా మామ్మా.”

“తాతకి ఇంతమంది ఉన్నాం. అక్కడ నీకెవరున్నారు?”

అతను సంచీ భుజాన తగిలించుకున్నాడు. భార్య వైపు చూశాడు. గొట్టం కింద ఆమె మెడ వంచి ఉంది, తల తిప్పే వీలు లేదు. “కుడి పక్క పట్టీ వదులైంది, చూసుకో” అన్నాడు. భార్యతో అతను చివరగా అన్న మాట అదే.

ఆ సాయంత్రం ఇల్లంతా స్టేషను ముందు కూర్చుంది. పక్క వీధి అద్దె ఇళ్ళ వాళ్ళూ వచ్చి కూర్చున్నారు. ముగ్గురిని వదిలారు. పానాని కూడా వదిలేశామని తెల్లారాక చెప్పారు. ఎటు వెళ్ళాడో తమకి తెలియదన్నారు.

తాత వారం తరవాత ఇంటికి వచ్చాడు. అయిదంతస్తులూ ఆడవాళ్ళే మోశారు, ముందు కుడి గొట్టం టైలరమ్మది. పెంచిన అద్దె ఆ తరవాత ఎవరూ కట్టలేదు. లిఫ్టుకి అడ్డంగా స్టూలు ఇంకా అక్కడే ఉంది. పక్క వీధిలో కూడా లిఫ్టులు పెట్టడం మొదలైంది. వాళ్ళు వచ్చి కుర్చీకి గొట్టాలు ఎలా బిగించాలో కొలతలు తీసుకుని వెళ్ళారు.

మామ్మ, టైలరమ్మ ఆసుపత్రుల వరండాలు, జైలు గేటు, శవాల గది అన్నీ తిరిగారు. సంచీ కనిపిస్తే చాలు, మామ్మ పిడి తడిమి చూసేది.

పానాని వానలు మొదలైన నెల రెండో శుక్రవారం, పట్టపగలు, తన గుమ్మం ముందే తీసుకుపోయారు. శనివారం తెల్లవారుజామున వదిలేశామని స్టేషను వాళ్ళు అంటారు. ఆ శనివారం నుంచి అతన్ని చూసినవాళ్ళు లేరు. అతను తిరిగి రాలేదు. నీలం బొత్తాం కుట్టిన సంచీ కూడా రాలేదు.